ఓవర్‌ఫ్లో పైపు కొస మీద కన్నుంచు

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

పాత కారు కొన్నావట. గాలిలో పెట్రోలు కలిపి ఇంజనుకు పంపే దాని రెండు ఎస్‌యూ కార్బ్యురేటర్లూ నువ్వే ట్యూన్ చేస్తానని పట్టుబట్టావట. మీ నాన్న చెప్పగానే ఛాతీ ఉప్పొంగింది, ఆ వెంటనే గుండె దడదడలాడింది. నీ చేతి పనితనం మీద నాకు అనుమానం లేదు. భయమంతా వేరే. ఆ ఇంజనులో కార్బ్యురేటర్ల కిందే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, అంటే వేడి పొగ బయటికి పోయే గొట్టం, ఉంటుంది. పైన కారిన పెట్రోలు పోయి పడేది దాని మీదే.

ట్యూనింగ్ వరస మాన్యువల్లో ఉంది: ముందు వాల్వ్ క్లియరెన్సు, ప్లగ్గులు, టైమింగ్, తర్వాత రెండింటికీ గాలి సమానం చేయడం, ఆఖర్న పెట్రోలు ఎంత పోవాలో సరిచేసే జెట్ నట్టు. దాని గురించి నేను చెప్పేదేమీ లేదు.

పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. నేల మీద పాకుతూ పోయి గుంటల్లో నిలుస్తుంది, దూరంగా ఉన్న నిప్పును కూడా అందుకుంటుంది. అందుకే గుంటలో దిగి పని చేయకు. తలుపులన్నీ తీసి ఉంచు. వేలాడదీసే ఫిలమెంటు బల్బు వద్దు, అది పగిలితే చాలు. పెట్రోలు పైపు విప్పేముందు బ్యాటరీ నెగటివ్ తీసెయ్. మంటలార్పే పౌడర్ సిలిండరు, కనీసం రెండు కిలోలది, కారులో కాదు, నువ్వు బయటికి పరుగెత్తే దారిలో పెట్టు. నీళ్లు పోస్తే మండుతున్న పెట్రోలు ఇంకా పరుచుకుంటుంది.

ఇప్పుడు అసలు మాట. తెలిసినవాళ్లు కూడా చేసే తప్పు ఒకటుంది. కార్బ్యురేటర్ పక్కన పెట్రోలు నిలిచే చిన్న గిన్నె ఉంటుంది, అదే ఫ్లోట్ ఛాంబర్. ఇంజను నడుస్తుంటే, అందులో ఎక్కువైన పెట్రోలు బయటికి పోయే ఓవర్‌ఫ్లో పైపు నుంచి చుక్కలు పడతాయి. స్క్రూడ్రైవర్ పిడితో ఫ్లోట్ ఛాంబర్ మూత మీద నాలుగు దెబ్బలు వేస్తారు. కారడం ఆగుతుంది. హమ్మయ్య అనుకుని మళ్లీ జెట్ నట్టు మీదికి వంగుతారు.

ఆగింది కారడమే, కారణం అలాగే ఉంది. ఛాంబర్ నిండగానే ఫ్లోట్ పైకి తేలి పెట్రోలు దారి మూసే నీడిల్‌కూ, అది కూర్చునే సీటుకూ మధ్య ట్యాంకు తుప్పో, పాత రబ్బరు ముక్కో ఇరుక్కుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత పైపుల్ని లోపలినుంచి తినేస్తుంది, కాబట్టి ఇలాంటి ముక్కలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. దెబ్బకు ఒకటి జారిపోయింది, అంతే. ఇంకొకటి వచ్చేసరికి మానిఫోల్డ్ కాలిపోతుంటుంది, నీ ముఖం దాని పక్కనే ఉంటుంది. పైగా ఛాంబర్లో మట్టం పెరిగి ఉన్నప్పుడు సరిచూసిన మిక్స్చర్ (పెట్రోలు, గాలి కలిసే పాళ్లు) అబద్ధం. నీడిల్ సరిగా మూసుకున్న రోజు ఇంజను పెట్రోలు చాలక బక్కచిక్కి నడుస్తుంది.

కాబట్టి ఒక్క చుక్క పడినా తాళం ఆపు. మానిఫోల్డ్ చల్లారేదాకా మూత విప్పకు. విప్పాక ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపి చూడు. లోపల పెట్రోలు చప్పుడైతే అది చిల్లుపడింది, మార్చాలి. నీడిల్ కొన మీద గీత పడితే సీటుతో సహా కొత్తది వెయ్యి. నీవి హెచ్‌ఎస్ రకం అన్నాడు మీ నాన్న. మూత తిరగేసి పట్టుకుంటే, నీడిల్ మూసుకున్నప్పుడు ఫ్లోట్‌కూ మూతకూ మధ్య 3 నుంచి 5 మిల్లీమీటర్లు ఉండాలి. ఫ్లోట్‌కు రేకు నాలుక ఉంటే దాన్ని మెల్లగా వంచు. మొత్తం నైలాన్‌దైతే సీటు కింద వాషరుతో సరిచెయ్. అన్నీ బాగుండి ఇంకా పొంగితే పంపు చూడు. పంపు ఒత్తిడి 3 పీఎస్‌ఐ దాటితే ఆ నీడిల్ ఆపలేదు. ఎవరో గట్టి పంపు బిగించి ఉంటారు.

కారుతోందని ఆ పైపుకు బిరడా కొట్టేవాళ్లున్నారు. ఆ పని పొరపాటున కూడా చేయకు! ఛాంబర్‌కు ఊపిరి ఆడేది దాని గుండానే. మూస్తే పెట్రోలు జెట్ వైపు పొంగి సిలిండర్లలోకి, అక్కణ్ణించి ఆయిల్లోకి దిగుతుంది. పొంగిన ప్రతిసారీ డిప్‌స్టిక్ తీసి వాసన చూడు. పెట్రోలు వాసన ఉన్నా, మట్టం పెరిగినా ఆయిల్ మార్చందే స్టార్ట్ చేయకు. పైపు కొస మానిఫోల్డ్ దాటి కిందికి, బయటికి ఉండాలి. అందుకోవడానికి అడ్డమని దాన్ని విప్పి పక్కన పెట్టకు.

బిగించాక ఇంజను వేయకుండా తాళం మాత్రం తిప్పు. పంపు టిక్‌టిక్‌మని ఛాంబర్లు నింపి, మెల్లగా ఆగిపోవాలి. ఆగకుండా కొడుతూనే ఉంటే పెట్రోలు ఎక్కడికో పోతున్నట్టే. రెండు నిమిషాలు పైపు కొసలూ మూత అంచులూ చూస్తూ ఉండు. పొడిగా ఉంటేనే స్టార్ట్. గాలి సమానం చేసేటప్పుడు తప్ప ఎయిర్ ఫిల్టర్లు లేకుండా ఇంజను నడపొద్దు. వెనక్కి కొట్టిన మంటను ఆపేవి అవే.

మంట లేస్తే తాళం ఆపి పౌడర్ కొట్టు. ఆరకపోతే వదిలేసి బయటికి రా. కారు పోతే ఇంకోటి వెతుకుదాం తల్లీ.

తాళం దగ్గర ఒకరు, పైపుల దగ్గర ఒకరు, ఇద్దరు లేకుండా ఈ పని మొదలుపెట్టకు. ఏ రోజు చేస్తావో చెప్పు. తాళం దగ్గర నేను కూర్చుంటా.

మీ పెదనాన్న