నా అతిపెద్ద లోపం మొహమాటం, అది తెలియడానికి 46 ఏళ్ళు పట్టింది

మీ స్వభావంలో అన్నిటికన్నా పెద్ద లోపం ఏంటి, అది ఉందని మీకెలా తెలిసింది అని అడిగారు. నాది మొహమాటమండి. 46 ఏళ్ళొచ్చే దాకా నాకు అది లోపమనే తెలీదు, మంచితనం అనుకునేవాణ్ణి, చుట్టుపక్కల వాళ్ళు కూడా "మాస్టారు అడిగితే కాదనరు" అంటుంటే లోపల సంతోషంగానే ఉండేది.

నేను కృష్ణా జిల్లాలో ఒక హైస్కూల్లో లెక్కల టీచర్ని. గవర్నమెంట్ టీచర్లకి షూరిటీ సంతకం అంటే ఏంటో చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెప్తున్నా. మా స్కూలు దగ్గర పుస్తకాల షాపు నడిపే ఒకాయన 5 లక్షల చీటీ వేశాడు, 50 నెలలు, నెలకి 10 వేలు. ఎనిమిదో నెల్లోనే పాడేసుకున్నాడు. పాడుకున్నాక డబ్బు చేతికి రావాలంటే మిగతా 42 నెలలూ కడతాడని కంపెనీకి నమ్మకం ఉండాలి కదా, అందుకని ఇద్దరు ఉద్యోగులు శాలరీ సర్టిఫికెట్ ఇచ్చి సంతకం పెట్టాలి. ఆయన ఇంటర్వెల్లో స్టాఫ్ రూంకే వచ్చి కాయితాలు ముందు పెట్టాడు, పక్కన నలుగురున్నారు, నేను చదవను కూడా చదవలేదు, ఇంటూ మార్కులు ఎక్కడుంటే అక్కడ సంతకాలు పెట్టుకుంటూ పోయాను. రెండు నిమిషాలు పట్టిందేమో.

పాడుకున్న తర్వాత 14 నెలలు కట్టి ఆపేశాడు. షాపు మూసేసి హైదరాబాద్ వెళ్ళిపోయాడు, ఫోన్ ఎత్తడు. నోటీసులు మొదలయ్యాయి, చిట్స్ రిజిస్ట్రార్ దగ్గర కేసు, తర్వాత కోర్టు నుంచి జీతం అటాచ్‌మెంట్ ఆర్డర్, అంటే ఆ బాకీ కింద నా జీతంలో కొంత నెలనెలా పట్టుకోమని. హైస్కూల్లో జీతాల బిల్లు పెట్టేది హెడ్మాస్టరే కాబట్టి ఆయనే గదిలోకి పిలిచి ఆ కాయితం చూపించారు, పాపం ఆయనకీ ఇబ్బందిగానే ఉంది. కాంట్రాక్ట్ యాక్ట్ 128వ సెక్షన్ ప్రకారం అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో షూరిటీ బాధ్యత కూడా అంతేనని, ముందు వాణ్ణి పట్టుకోండి అనడానికి లేదని నాకప్పుడు తెలిసింది. నాతోపాటు సంతకం పెట్టినాయన ఈలోగా రిటైరయ్యారు, పెన్షన్‌ని అటాచ్ చేయకూడదు, దాంతో మొత్తం నా మీదే పడింది. జీతంలో మొదటి వెయ్యి, మిగిలినదాంట్లో మూడింట రెండొంతులు వదిలి మిగతాది పట్టుకోవచ్చు. లెక్కలోకొచ్చే నా జీతం 52 వేలు, అంటే నెలకి 17 వేలు కోత. 28 నెలల బాకీ 2 లక్షల 80 వేలు, వడ్డీ ఖర్చులు కలిపి 3 లక్షల 40 వేలయింది. 20 నెలలు.

అప్పుడైనా తెలిసిందా అంటే లేదండి. ఏడాది పాటు కనిపించిన ప్రతివాళ్ళకీ నేనెలా మోసపోయానో చెప్పుకుంటూ తిరిగాను. అందరూ అయ్యో అనేవాళ్ళు, మంచివాళ్ళకి ఇలాగే జరుగుతుంది అనేవాళ్ళు, ఆ మాట నాకు బాగుండేది. తప్పంతా అతనిదే అన్నంత కాలం నా వైపు చూసుకునే అవసరమే రాలేదు.

కోత మొదలై 11 నెలలైనప్పుడు మా స్టాఫ్‌లోనే ఒక కుర్ర టీచరు, మంచివాడు, ఇల్లు కట్టుకుంటున్నాడు, సాయంత్రం సైకిల్ స్టాండ్ దగ్గర ఆపి "మాస్టారూ, చీటీకి షూరిటీ కావాలి, మీరు పెడతారా" అన్నాడు. నా సంగతి అతనికి పూర్తిగా తెలీదు. నేనేమన్నానో తెలుసా, "చూద్దాంలేండి" అన్నాను. జీతం 17 వేలు పోతూ ఉంది, అయినా నా నోట్లోంచి ఆ మాటే వచ్చింది. ఆ రాత్రి అన్నం దిగలేదు. ఈసారి నన్నెవరూ మోసం చెయ్యలేదు కదా.

మా ఆవిడ అడిగితే చెప్పాను. ఆవిడ అరవలేదు. కంచం తీస్తూ "నేను పీకో మిషన్ కొందామంటే ఎన్నిసార్లు వద్దన్నారు మీరు?" అంది. ఇంట్లో జాకెట్లు కుడుతుంది, పీకో మిషన్ ఉంటే చీరల ఫాల్స్ పని కూడా వస్తుందని నాలుగేళ్ళ నుంచి అడుగుతోంది, 14 వేలు. ఒక నెల కోత కన్నా తక్కువ. నేను ప్రతిసారీ ఇప్పుడు కాదు, తర్వాత చూద్దాం, అవసరమా అని తేలిగ్గా అనేసేవాణ్ణి. "నాకు చెప్పినంత తేలిగ్గా అతనికెందుకు చెప్పలేకపోయారు?" అంది.

నాకు సమాధానం లేదు. అన్నేళ్ళూ నేను కాదని చెప్పలేని మనిషిని అనుకున్నాను, కానీ ఇంట్లో రోజుకి పదిసార్లు కాదని చెప్తున్నాను, మా అమ్మకి చెప్తున్నాను, పిల్లలకి చెప్తున్నాను. మా నాయనమ్మ మా తాతయ్యని ఇంట్లో పులి వీధిలో పిల్లి అనేది, చిన్నప్పుడు నవ్వుకునేవాళ్ళం, ఆ మాటే నాకు తగిలింది. ఇంట్లోవాళ్ళకి కాదని చెప్పినా వాళ్ళు నన్ను వదిలిపోరు, బయటివాళ్ళ మొహం మాడితే నా మంచిపేరు పోతుంది. ఆ పేరు కోసం నేను ఖర్చు పెడుతున్నది మా ఆవిడ మిషన్ డబ్బులు. ఇలా ఆలోచించిన రోజు చాలా సిగ్గేసింది, ఇప్పుడు రాస్తున్నా కూడా ఆ బాధ ఉంది. అందుకే మీరు మీలో లోపం వెతుక్కుంటుంటే, ఎక్కడ మీ వల్ల కావట్లేదో ఒక్కటే చూడకండి, అదే పని ఎవరి దగ్గర సునాయాసంగా చేసేస్తున్నారో కూడా చూడండి, నాకు సంగతి అక్కడే దొరికింది.

ఆ కుర్ర టీచరుకి చెప్పడానికి నాకు ఇంకో నాలుగు రోజులు పట్టింది. ఎదురుపడితే పక్కకి తప్పుకున్నాను. చివరికి ధైర్యం చేసి పెట్టలేనండీ అని నా కోత సంగతి చెప్తే అతను కోపం తెచ్చుకోలేదు, "ఆ రోజే చెప్పుంటే వేరేవాళ్ళని అడిగేవాణ్ణి కదా మాస్టారూ, మేస్త్రీకి డబ్బులివ్వాల్సిన గడువు దాటిపోయింది" అన్నాడు. చూద్దాం అన్న మాట అడిగినవాడికి కూడా నష్టమేనని నేనెప్పుడూ అనుకోలేదు.

మొదట్లో "ఇంట్లో అడిగి చెప్తాను" అనడం అలవాటు చేసుకున్నా. కొన్నాళ్ళకి అది కూడా తప్పే అనిపించింది, కాదనే చెడ్డపేరు మా ఆవిడ మీదకి నెట్టి నేను మంచివాడిగా మిగిలిపోతున్నా. ఇప్పుడు అడిగిన రోజే చెప్పేస్తున్నాను, "షూరిటీ నేను ఎవరికీ పెట్టట్లేదండీ, చేతనైతే ఓ 5 వేలు ఇస్తాను, తిరిగి ఇవ్వకపోయినా పర్లేదు" అని. చెప్పాక ఎదుటివాళ్ళ మొహం మారుతుంది, అది చూస్తూ నిలబడటమే నాకు ఇప్పటికీ కష్టం. ఒకాయన నాతో మాట్లాడటం మానేశాడు, రోజూ ఒకే బస్సులో వెళ్తాం.

కోత అయిపోయిన నెల మిషన్ కొన్నాం. మొన్న దసరాకి మా బాబాయి కొడుకు ఫోన్ చేసి బైక్ లోన్‌కి సంతకం పెట్టమన్నాడు, పెట్టనురా అన్నాను, వాడు సరే అన్నయ్యా అని ఫోన్ పెట్టేశాడు. చేతులు చల్లబడిపోయాయి. పక్క గదిలో మిషన్ చప్పుడు వస్తోంది, వెళ్ళి మా ఆవిడకి చెప్పాను, కుట్టడం ఆపి "ఏమన్నాడు?" అంది, "సరే అన్నాడు" అన్నాను.