ఫీజు కంటే ముందు శ్రుతి అడుగు

చిరంజీవి చిట్టికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఇంజనీరింగ్ కౌన్సెలింగుకు వెళ్లనని, సంగీతమే చదువుతానని పట్టుబట్టావట. మీ అమ్మ ఫోనులో ఏడుస్తూ చెప్పింది. ఆమెను ఓదారుస్తూనే లోలోపల పొంగిపోయాను. నా తర్వాత మన ఇంట్లో ఆ మాట అన్నది నువ్వే. ఫోను పెట్టేశాక మాత్రం భయం పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

మీ అమ్మ బెంగ రేపు నీకు తిండి ఎలా గడుస్తుందని. అది తప్పు కాదు, ఆమె మీద విసుక్కోకు. ప్రభుత్వ సంగీత కళాశాలల్లో సర్టిఫికెట్ నాలుగేళ్లు, ఆపైన డిప్లొమా రెండేళ్లు. విద్యకు అది మంచి పునాది. కానీ రేపు కేంద్రీయ విద్యాలయంలో సంగీతం టీచరు పోస్టుకు వెళితే సంగీతంలో బ్యాచిలర్ డిగ్రీ గానీ దానికి సమానమైనది గానీ అడుగుతారు. కాలేజీలో పాఠం చెప్పాలంటే మామూలుగా పీజీ, దానితో పాటు నెట్ లాంటి అర్హత పరీక్ష కావాలి. కాబట్టి డిప్లొమా చేసినా, సంగీతంలో డిగ్రీ కూడా వదలకు. ఆకాశవాణి ఆడిషన్‌లో మాత్రం నీ గొంతునే చూస్తారు.

ఇక ఎక్కడ అన్నది. నువ్వు చెన్నై అన్నావట. వద్దనను. డిసెంబరు సంగీతోత్సవాల్లో అక్కడ మధ్యాహ్నం కచేరీలకు చాలా సభల్లో టికెట్టే ఉండదు. సాయంత్రం దాకా వింటూ కూర్చోవచ్చు. ఆ వినికిడి ఏ పాఠంలోనూ దొరకదు. కానీ విశాఖలో పుట్టి పెరిగినదానివి, పక్కనే ఉన్న విజయనగరాన్ని లెక్కలోకే తీసుకోకపోతే నాకు కోపం వస్తుంది. 1919లో మొదలైన సంగీత కళాశాల ఉంది అక్కడ. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఇరవయ్యారేళ్ల వయసులో అక్కడ వయొలిన్ ఆచార్యులయ్యారు. ఘంటసాల గారు కృష్ణా జిల్లా నుంచి అంత దూరం వచ్చి, మధూకరం ఎత్తుకుని (ఇంటింటా అన్నం అడుక్కుని తిని), పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకున్నారు. అలాగని గోడ మీద పటాలు చూసి చేరకు. ఇప్పుడు ఎవరు చెబుతున్నారో చూసి చేరు. తిరుపతిలో మహిళా విశ్వవిద్యాలయం ఉంది, మీ ఊళ్లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సంగీత విభాగం ఉంది. అన్నీ చూడు.

ఇప్పుడు నా అసలు భయం చెబుతాను.

నేను సంగీతం చదివే రోజుల్లో హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి గొంతు మా అందరిలోకీ లోతైనది. శ్రుతి అంటే పాటకు ఆధారమైన స్వరం, అంకె పెరిగితే ఎత్తు పెరుగుతుంది. ఆ అమ్మాయి నాలుగు శ్రుతిలో మంద్ర పంచమం మీద, అంటే కింది స్థాయి 'ప' మీద నిలిస్తే పక్క గదుల్లో మాటలు ఆగిపోయేవి. క్లాసులో మాత్రం అందరికీ కలిపి ఒకటే శ్రుతి, ఐదున్నర. హార్మోనియం మీద చూడు, నాలుగు నుంచి ఐదున్నరకు మూడు మెట్లే. మూడు మెట్లే కదా అని అందరూ అనుకున్నారు. మధ్యస్థాయిలో ఏ ఇబ్బందీ లేదు. భైరవి రాగం వర్ణంలో తారస్థాయికి, అంటే పై స్థాయికి వెళ్లేసరికి మెడ నరాలు తేలేవి, గడ్డం పైకి లేచేది. "గొంతు విప్పి పాడు" అనేవారు మాస్టారు. ఆవిడ ఇంకా గట్టిగా పాడేది. రాత్రి మిరియాల కషాయం, పొద్దున పటికబెల్లం. కొన్నాళ్లకు పొద్దుటి పూట మాట బొంగురుపోవడం మొదలైంది. సాధన ఎక్కువైందని మేమంతా మెచ్చుకున్నాం! పరీక్షల నాటికి పై షడ్జం, అంటే పై 'స' దగ్గర స్వరం బదులు గాలి వచ్చింది. స్వరతంత్రుల మీద బుడిపెలు కట్టాయని డాక్టరు చెప్పి, నెలల తరబడి మాట్లాడవద్దన్నారు. పలక మీద రాసి చూపించేది. గొంతు మాటకు పనికొచ్చేలా తిరిగి వచ్చింది, పాటకు రాలేదు. తర్వాత వీణ పట్టి మంచి వైణికురాలైంది. ఇప్పటికీ ఆవిడ వీణ మీద భైరవి వాయిస్తే పాడిన గొంతే నా చెవిలో మెదులుతుంది, నేను అక్కడ కూర్చోలేను.

ఆ మాస్టారు చెడ్డవారు కాదు. పాతికమంది పిల్లలు, ఒక తంబురా, ఒక గంట. కానీ ఒక్కరోజు ఆ పిల్లను విడిగా కూర్చోబెట్టి పాడించి ఉంటే తెలిసిపోయేది.

నీ గొంతు కూడా ఆ జాతిదే, చిట్టీ. గత సంక్రాంతికి నువ్వు పాడుతుంటే పై పంచమం దగ్గర నీ గడ్డం లేవడం చూశాను. అప్పుడే కసరాల్సింది, పండగ పూట కదా అని ఊరుకున్నాను. ఇప్పుడు కసురుతున్నాను. టీవీ పోటీల పిల్లల్ని చూసి ఎత్తు శ్రుతిలో అరవడం ఈ రోజే మానెయ్యి.

అందుకే ఎక్కడికి వెళ్లినా ఫీజు, హాస్టలు, భోజనం తర్వాత అడుగు. ముందు ఇవి అడుగు: ఒక క్లాసులో ఎంతమంది? ఎవరి శ్రుతిలో వారు పాడుకునే పాఠం వారానికి ఒక్కటైనా ఉంటుందా? గొంతు బాగాలేని రోజు ఊరికే కూర్చుని వింటానంటే ఒప్పుకుంటారా? వీలైతే ఒక క్లాసులో వెనక కూర్చో. పిల్లలు పై స్థాయికి వెళ్లినప్పుడు మాస్టారు పుస్తకం చూస్తున్నారా, పిల్లల ముఖాలు చూస్తున్నారా గమనించు. ముఖాలు చూసే మనిషి దొరికితే అది చెన్నై అయినా, విజయనగరం అయినా, మీ వీధి చివర అయినా చేరిపో. మీ అమ్మతో నేను మాట్లాడతాను, మొదటి ఏడాది ఫీజు నాది.

శనివారం పొద్దున ఫోను చెయ్యి. అంతకుముందు కాసేపు మంద్రంలో అకారం చేసి, అంటే కింది స్థాయిలో 'ఆ' అంటూ సాధన చేసి ఉండు. నాలుగా, నాలుగున్నరా, నీ గొంతు ఎక్కడ హాయిగా నిలుస్తుందో ముందు తేలుద్దాం. దరఖాస్తులు ఆ తర్వాత నింపుదువుగాని.

ప్రేమతో,
పెద్దమ్మ