ప్లస్ త్రీలో (డిగ్రీలో) ఫిలాసఫీ తీసుకుంటానన్న అమ్మలుకి

అమ్మలూ,

ఫిలాసఫీ తీసుకో. ఇంట్లో వాళ్లతో నేను మాట్లాడతాను. కాని ప్లస్ టూలో లాజిక్ చదివాను కదా అనే ధీమా వద్దు. ఆ ధీమాతోనే మొదటి సెమిస్టరు గడిచిపోతుంది, రెండోదాంట్లో పుస్తకం తెరిస్తే ఏమీ ఎక్కదు.

ఒడిశాలో మన బరంపురం, పర్లాకిమిడి వైపు పిల్లలకి ఇందులో ఒక చిక్కుంది. ఇంట్లో తెలుగు, క్లాసులో ఒడియా, పుస్తకం ఇంగ్లీషు. తెలుగులోనూ ఒడియాలోనూ సంస్కృతం మాటలే కనక అన్నీ తెలిసినట్టే ఉంటాయి. ఒడియాలో శిక్ష అంటే చదువు, అవసరం అంటే తీరిక, ఉపన్యాసం అంటే నవల. వీటికి నవ్వుకుని ఊరుకుంటాం. తర్కంలో మాత్రం ఇదే మార్కులు తినేస్తుంది. అక్కడ అనుమానం అంటే సందేహం కాదు, కనిపించే గుర్తును పట్టుకుని కనిపించనిదాన్ని తేల్చడం. పదార్థం తినేది కాదు, లోకంలో ఉన్నవాటిని విడదీసి పెట్టే వర్గం. వైశేషిక దర్శనం వాళ్ల లెక్కలో అవి 7. గుణం మంచితనం కాదు. రంగు, రుచి, వాసన, సంఖ్య లాంటివి 24. అందుకని ఒక 200 పేజీల నోటుబుక్కు విడిగా పెట్టి నాలుగు గళ్లు గియ్యి: మాట, ఇంట్లో అర్థం, శాస్త్రంలో అర్థం, ఇంగ్లీషు మాట. పక్కన నీ సొంత వాక్యం ఒకటి రాయి. వాక్యం రాయలేకపోతే ఆ మాట నీకింకా రాలేదన్నమాట.

భారతీయ తర్కానికి ముందు తర్కసంగ్రహం పట్టుకో. 17వ శతాబ్దంలో మన తెలుగువాడు అన్నంభట్టు రాసిన చిన్న పుస్తకం. అందులో అనుమాన ఖండం దగ్గర రెండు వారాలైనా ఆగు. కొండ, పొగ, నిప్పు ఉదాహరణ బట్టీపట్టేసి ముందుకెళ్లిపోతారు అందరూ. నువ్వు మహేంద్రగిరినే కొండ అనుకో. కొండ మీద నిప్పుంది, ఇది ప్రతిజ్ఞ. పొగ ఉంది కనక, ఇది హేతువు. పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది, వంటింట్లోలాగ, ఇది ఉదాహరణ. అలాంటి పొగే ఈ కొండ మీదా ఉంది, ఇది ఉపనయం. కాబట్టి నిప్పుంది, ఇది నిగమనం. నాలుగోది చెప్పిందే చెప్పడంలా అనిపించి పరీక్షలో వదిలేస్తారు. అది లేకపోతే వంటింటి పొగకీ కొండ మీది పొగకీ లంకె పడదు, వాదం అక్కడే తెగిపోతుంది.

ఇక తప్పులు. పోడు కాలంలో కనిపించేది పొగే. చలికాలం పొద్దున్న కనిపించేది మంచు. మంచును పొగ అనుకుంటే హేతువే కొండ మీద లేదు, అది అసిద్ధం. వాదాన్ని తిరగేసి, నిప్పుంది కాబట్టి పొగ ఉంది అన్నావనుకో, కమ్మరి కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుప గుండు అడ్డొస్తుంది: నిప్పు ఉంది, పొగ లేదు. పొగ రావాలంటే కట్టె తడిగా ఉండాలి. హేతువు ఒక్కటే చాలక ఇలా పక్కన ఉండాల్సిన షరతుని, ఇక్కడ ఆ తడికట్టెని, శాస్త్రం ఉపాధి అంటుంది. (డిగ్రీ అయ్యాక ఉపాధి ఏమిటని చుట్టాలు అడుగుతారు. మన శాస్త్రంలో ఉపాధి ఉంటే హేతువు చెడినట్టే!) దొరికిన ప్రతి ఉదాహరణనీ ఇలా మన ఊళ్లోకి తెచ్చుకుని విరగ్గొట్టి చూడు.

పాశ్చాత్య తర్కంలో ట్రూత్ టేబుల్, అంటే వాక్యాల సత్యాసత్యాల పట్టిక, లెక్కే. ఒక్కో వాక్యానికి ఒక్కో అక్షరం పెడతారు. రెండు అక్షరాలకి 4 వరుసలు, మూడింటికి 8, నాలుగింటికి 16. మొదటి నిలువు గడిలో సగం సత్యం, సగం అసత్యం. తరవాతి గడిలో దాంట్లో సగం చొప్పున మార్చుకుంటూ వెళ్తే వరుస తప్పదు. పిల్లలు జారేది ‘అయితే’ దగ్గర. వానపడితే మహేంద్రతనయ ఏరు పొంగుతుంది అన్న మాట, వాన పడీ ఏరు పొంగనప్పుడే అబద్ధం. మిగతా మూడు వరుసల్లోనూ సత్యమే. ఏరు పొంగింది కనక వాన పడింది అని మాత్రం దీన్నుంచి లాగకు.

మూలగ్రంథాలకి డేకార్ట్‌తో మొదలుపెట్టు. ఆ ఫ్రెంచి తత్త్వవేత్త పుస్తకం ‘మెడిటేషన్స్’ 1641లో అచ్చయింది, అందులోని ఆరు ధ్యానాల్లో మొదటిది కొద్ది పేజీలే. మూడుసార్లు చదవాలి. మొదటిసారి పెన్సిలు ముట్టుకోకు. రెండోసారి, ఆయన చివరికి ఏం తేల్చాడో ఒక్క వాక్యంలో రాయి. మూడోసారి, దానికి చెప్పిన కారణాలకి అంచుల్లో అంకెలు వెయ్యి. గంటకి నాలుగు పేజీలు నడిస్తే చాలు. పది నడిచాయంటే కథ చదివినట్టు చదివావు. హ్యూమ్‌ని చదవకుండా కాంట్ జోలికి పోకు. కార్యకారణాల మీద హ్యూమ్ లేవదీసిన సందేహం తెలియకపోతే, 1781లో కాంట్ ‘క్రిటిక్ ఆఫ్ ప్యూర్ రీజన్’ అనే అంత లావు పుస్తకం ఎవరికి జవాబుగా రాశాడో బోధపడదు.

బజారు గైడ్లు పేపరు తీరు చూడ్డానికి పనికొస్తాయి, అంతే. వాటిలో సిద్ధాంతం ఉంటుంది, కారణం ఉండదు. జవాబులో తత్త్వవేత్త పుట్టిన ఊరు, తల్లిదండ్రుల సంగతి రాయకు. ప్రశ్న దేన్ని అడుగుతోందో రెండు వాక్యాలు, వాదం మెట్టుమెట్టుగా, దానికి అందరికన్నా గట్టి ఆక్షేపణ, ఆ ఆక్షేపణకి ఆయన ఇవ్వగల సమాధానం, ఆపైన నీ మాట. చాలామంది ఆక్షేపణని చిన్నపిల్లల మాటలా రాసి ఒక్క దెబ్బకి కొట్టేస్తారు. దిద్దేవాళ్లకి అది ఇట్టే తెలిసిపోతుంది. వారానికొకటి, రెండు పేజీలు మించకుండా రాసి, ఫిలాసఫీ చదవనివాళ్లకి వినిపించు. వాళ్లు ఎక్కడ ‘ఎందుకని?’ అంటారో అక్కడ ఒక మెట్టు ఎగరగొట్టావు.

ఉద్యోగం సంగతి మీ నాన్నకి ఇలా చెప్పు: పీజీ చేసి నెట్ రాస్తే లెక్చరరు దారి, సివిల్స్ మెయిన్స్‌లో ఫిలాసఫీ ఐచ్ఛికం, 250 మార్కుల పేపర్లు రెండు, సిలబస్ మిగతావాటితో పోలిస్తే చిన్నది. లా వైపు వెళ్లినా ఈ రాత పనికొస్తుంది. డిగ్రీ చేతికి రాగానే ఉద్యోగమంటే మాత్రం కష్టం, ఆ మాట దాచకు.

ఒడిశా కాలేజీల ఆన్‌లైన్ ప్రవేశాల పోర్టల్ శామ్స్‌లో ఫారం నింపేముందు కాలేజీకి వెళ్లి మూడు అడుగు: జవాబులు ఏ భాషల్లో రాయనిస్తారు, ఆనర్స్‌కి మూడేళ్లా నాలుగేళ్లా, ఫిలాసఫీకి పర్మనెంటు లెక్చరర్లు ఎంతమంది. మూడోదానికి ఆఫీసులో నీళ్లు నమిలితే రెండో ఏడాది పిల్లల్ని అడుగు, వాళ్లు చెప్తారు. ఇగ్నో (దూరవిద్య విశ్వవిద్యాలయం) వాళ్ల ఫిలాసఫీ పాఠాలు వాళ్ల వెబ్‌సైటు ఈజ్ఞానకోశ్‌లో ఉచితం. లెక్చరరు లేని పేపరుకి అవే దిక్కు. తర్కసంగ్రహం నా దగ్గర రెండు ప్రతులున్నాయి, దసరాకి వచ్చినప్పుడు ఒకటి పట్టుకెళ్లు.

పెద్దమ్మ