వానలు పడ్డాక నేల ఎందుకు కుంగింది?

ప్రశ్న: మాది కడప దగ్గర సున్నపురాయి నేల. కరువు ఏళ్లలో బోర్లు లోతుకు దించుకుంటూ వచ్చాం. ఈసారి గట్టి వానలు పడ్డాక పక్క చేలో బావంత గుంత పడింది. ఎండిపోయినప్పుడు నిలిచిన నేల నీళ్లొచ్చాక ఎందుకు కుంగింది? మట్టి పోసి పూడ్చవచ్చా?

జవాబు: నేల ఊతం కోల్పోయింది కరువు ఏళ్లలోనే. వాన నీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకొని పలుచని ఆమ్లమవుతుంది, సున్నపురాయి బీటలను వేల ఏళ్లపాటు కరిగించి బొరియలు చేస్తుంది. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు అలా ఏర్పడ్డవే. బొరియ నిండా నీళ్లున్నంతకాలం పైకప్పుకు ఆ నీరే కొంత ఊతం. నీటిమట్టం ఒక్క మీటరు దిగితే చదరపు మీటరుకు దాదాపు టన్ను ఊతం పోతుంది. మోటార్ల లాగుడుకు బీటల్లోని మట్టి కూడా కిందికి జారుతుంది. ఇక పెద్ద వానకు పైమట్టి తడిసి బరువెక్కి, పట్టు సడలి, ఒక్కసారిగా బొరియలోకి దిగబడుతుంది. 2015 చివర్లో భారీ వానల తర్వాత చింతకొమ్మదిన్నె మండలంలో గుంతలు పడింది ఇలాగే.

ముందు గుంతకు దూరంగా తాడు కట్టి మనుషులను, గొడ్లను అటు పోనివ్వకండి. అంచు కింద డొల్లగా ఉంటుంది. తహసీల్దారుకు, భూగర్భ జలశాఖకు చెప్పండి. వట్టి మట్టి పోస్తే మళ్లీ వానకు అదీ జారిపోతుంది. చిన్న గుంతయితే, అధికారులు చూసి సరేనన్నాక, అడుగున రాతి సందు వెడల్పులో సగానికి తగ్గని బండలు వేయాలి. వాటిపైన చిన్న రాళ్లు, కంకర, ఇసుక, చివర బంకమట్టి. పైభాగం కాస్త ఎత్తుగా ఉంచి వాన నీటిని పక్కకు మళ్లించాలి. చెత్త, పురుగుమందు డబ్బాలు మాత్రం అందులో పడేయకండి, దయచేసి. ఇసుక నేలలోలాగా ఇక్కడ నీరు వడకట్టుకోదు. ఆ విషం నేరుగా ఊరి బోర్లకు చేరవచ్చు.

ప్రశ్న: వానకు బోరు నిండింది. ఇప్పుడు వరి వేయవచ్చా?

జవాబు: తొందరపడకండి. ఈ రాతిలో మట్టం ఎంత వేగంగా లేస్తుందో అంత వేగంగానూ పడిపోవచ్చు. పదిహేను రోజులకోసారి, రాత్రంతా మోటారు ఆపి, తెల్లవారాక మట్టం కొలిచి రాసుకోండి. నెలనెలా దిగుతుంటే చీనీ (బత్తాయి) తోటకు డ్రిప్పు చాలు, వరి వద్దు. బోరు నీళ్లు ఉన్నట్టుండి మురికిగా వస్తే మోటారు వెంటనే ఆపండి: లోపలి మట్టి కదులుతోందన్నమాట.