లీజా, లోనా? ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కొనబోయే తమ్ముడికి

"అన్నా, ప్లగ్-ఇన్ హైబ్రిడ్ లీజుకి తీసుకుంటే 7,500 డాలర్లు కలిసొస్తాయటగా? మా రూమ్మేట్ వాళ్ల అన్నయ్య అలాగే తీసుకున్నాడట."

టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో కొత్తగా దిగిన ఒక కుర్రాడు పోయిన వారం ఫోన్ చేసి అడిగిన మాట ఇది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అంటే పెట్రోల్ ఇంజిన్‌తో పాటు, ఇంట్లో ప్లగ్గు పెట్టి చార్జ్ చేసుకునే బ్యాటరీ కూడా ఉన్న బండి. పలకరింపులు కూడా అయ్యాయో లేదో. డీలర్ దగ్గర కుర్చీలో కూర్చునే ఫోన్ చేశాడని తర్వాత తెలిసింది. "సంతకం పెట్టకు, బాత్రూమ్‌కని చెప్పి బయటికి రా" అన్నాను. పాపం, నిజంగానే వచ్చాడు.

ఆ అన్నయ్య అబద్ధం చెప్పలేదు. ఆయన తీసుకున్న రోజున అలాంటి రాయితీ నిజంగానే ఉండేది. 2022 ఆగస్టులో వచ్చిన ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ చట్టంలో రెండు దారులుండేవి. సొంతానికి కొనుక్కునేవాళ్లకి 7,500 డాలర్ల దాకా టాక్స్ క్రెడిట్ ఇచ్చేవారు. కానీ కారు ఉత్తర అమెరికాలోనే తయారవ్వాలి, బ్యాటరీలో వాడిన ఖనిజాల లెక్క కుదరాలి, ఆదాయం ఒక్కరైతే లక్షన్నర, జంటగా ఫైల్ చేస్తే మూడు లక్షలు దాటకూడదు. రెండో దారి వ్యాపార వాహనాల కోసం వేసింది. దానికి ఈ షరతులేవీ లేవు. కాకపోతే పెట్రోల్ కూడా వాడే బండికి ధరలో 15 శాతం దాకానే, అదీ 7,500 మించకుండా. లీజులో కారుకి అసలు యజమాని లీజు కంపెనీ కదా! క్రెడిట్ ఆ కంపెనీ పుచ్చుకుని, ఇష్టముంటే మన ధరలో తగ్గించేది. అందుకే జపాన్‌లో తయారయ్యే టొయోటా ప్లగ్-ఇన్ హైబ్రిడ్ ప్రయస్ ప్రైమ్‌ని కొంటే పైసా రాదు, లీజుకి తీసుకుంటే రాయితీ దొరికే వీలుండేది. లీజు రాయించుకుని, నెల తిరక్కుండానే బైఅవుట్ చేసేసి, అంటే మిగతా సొమ్ము కట్టేసి, సొంతం చేసుకున్న ఘనులు మనవాళ్లలో చాలామందే ఉన్నారు.

2025 జులై 4న సంతకమైన కొత్త చట్టం ఈ రెండు దారులనీ మూసేసింది. 2025 సెప్టెంబర్ 30 తర్వాత తీసుకున్న బండికి కొనుగోలు క్రెడిట్ లేదు, లీజు క్రెడిట్ లేదు, పాత ఎలక్ట్రిక్ బండ్లకి ఇచ్చే 4,000 కూడా లేదు. కాలిఫోర్నియాలో ఇలాంటి బండ్లకి ఇచ్చే కార్‌పూల్ లేన్ (ఒకరికన్నా ఎక్కువమంది ఉన్న కార్లకి కేటాయించిన వరుస) స్టిక్కర్ కూడా అదే రోజుతో చెల్లిపోయింది. శాన్ హోసే బావగారు చెప్పే "ఒక్కడివే వెళ్లినా కార్‌పూల్‌లో దూసుకుపోవచ్చు" అన్న సలహాకీ కాలం తీరిందన్నమాట.

లీజు సలహా ఇచ్చినవాళ్లకి దాని వెనకున్న కారణం పోయిందని తెలియదు. "ప్లగ్ ఉన్న బండైతే లీజే మేలు" అన్న మాట మాత్రం చేతులు మారుతూ తిరుగుతూనే ఉంది. అంకెలు వేసి చూస్తే ఆ మాట దేని మీద నిలబడిందో బయటపడుతుంది.

ఉదాహరణకి స్టిక్కర్ ధర, అంటే కంపెనీ బండి మీద అతికించిన ధర, 36,000, బేరమాడితే 35,000కి వచ్చిన బండి అనుకోండి. లీజు 36 నెలలు. చివర్లో మిగిలే విలువ, అంటే రెసిడ్యువల్, స్టిక్కర్ ధరలో 60 శాతం: 21,600. మనీ ఫ్యాక్టర్ 0.0025. ఈ మనీ ఫ్యాక్టర్ వడ్డీకే ఇంకో పేరు, అర్థం కాకుండా పెట్టిన పేరు. 2,400తో గుణిస్తే అసలు వడ్డీ రేటు వస్తుంది, ఇక్కడ 6 శాతం. తరుగుదల 13,400ని 36తో భాగిస్తే 372. ధరనీ రెసిడ్యువల్‌నీ కూడి మనీ ఫ్యాక్టర్‌తో గుణిస్తే 142. మొత్తం నెలకి దాదాపు 514, టాక్స్ అదనం.

అదే బండి, అదే 6 శాతానికి, అయిదేళ్ల లోన్ మీద కొంటే నెలకి 677. డీలర్ ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి "నెలకి 160 మిగులుతుంది సార్" అంటాడు. మూడేళ్ల తర్వాత చూడండి. లోన్‌లో మీరు కట్టింది దాదాపు 24,360, ఇంకా బాకీ దాదాపు 15,270. బండి అప్పటికి 21,600 పలికితే, అమ్మి బాకీ తీర్చాక చేతిలో 6,300 మిగులుతాయి. అంటే మూడేళ్లకి బండి మీద అయిన ఖర్చు 18,000. లీజులో కట్టింది 18,500. వడ్డీ ఒకటే అయితే రెండూ ఇంచుమించు ఒకటే! మొదట్లో లీజు కంపెనీ వసూలు చేసే ఎక్విజిషన్ ఫీజు, చివర్లో బండి తిరిగిచ్చేటప్పుడు డిస్పొజిషన్ ఫీజు కలిపితే లీజుదే కొంచెం ఎక్కువవుతుంది.

ఇప్పుడు పాత రాయితీని, అంటే 35,000లో 15 శాతం 5,250ని, ధరలోంచి తీసేసి మళ్లీ లెక్క వేయండి. నెలకి 355 అవుతుంది. 514 ఎక్కడ, 355 ఎక్కడ! రూమ్మేట్ అన్నయ్య తెలివంతా ఆ తేడాలో ఉంది. అది లీజు గొప్పదనం కాదు, రాయితీ లీజు దారిన రావడం వల్ల వచ్చిన గొప్పదనం.

రాయితీలు పూర్తిగా పోయాయని కాదు. తయారీ కంపెనీలు సరుకు కదలనప్పుడు లీజు క్యాష్ అని తమ జేబులోంచి తగ్గిస్తాయి. ఒక్కోసారి లోన్‌కే తక్కువ వడ్డీ పెడతాయి. అది ఈ నెల ఒకలా, వచ్చే నెల ఇంకోలా ఉంటుంది. కొన్ని రాష్ట్రాలు సొంతంగా ఇస్తాయి. న్యూయార్క్‌లో డ్రైవ్ క్లీన్ రిబేట్ కింద కరెంటు మీద ఎన్ని మైళ్లు పోతుందో దాన్ని బట్టి 2,000 దాకా ఇస్తారు, కొన్నా లీజుకి తీసుకున్నా వర్తిస్తుంది. ఎక్కువ మైళ్లు పోయే పూర్తి ఎలక్ట్రిక్ బండ్లతో పోలిస్తే ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌కి తక్కువే దక్కుతుంది. డీలర్‌ని అడగాల్సింది "రాయితీ ఉందా?" అని కాదు. "లీజుకి ఎంత, లోన్‌కి ఎంత, కాగితం మీద ఏ వరుసలో కనిపిస్తుంది?" అని అడగాలి. ధర తగ్గించినట్టు చూపించి, మనీ ఫ్యాక్టర్ పెంచి వెనక్కి లాక్కునే విద్య వాళ్లకి వెన్నతో పెట్టింది. రెసిడ్యువల్ లీజు కంపెనీ నిర్ణయిస్తుంది, మన బేరం దాని మీద పనిచేయదు. ధర మీదా, మనీ ఫ్యాక్టర్ మీదా ఆడాలి.

అదే కొత్త చట్టంలో లోన్ వైపు మొగ్గే ఒక సౌకర్యం ఉంది. 2025 నుంచి 2028 దాకా, కొత్త కారు లోన్ మీద కట్టిన వడ్డీలో ఏడాదికి 10,000 దాకా ఆదాయంలోంచి మినహాయించుకోవచ్చు. స్టాండర్డ్ డిడక్షన్, అంటే ఖర్చుల లెక్క చూపకుండా దొరికే మామూలు మినహాయింపు, తీసుకునేవాళ్లకీ ఇది ఉంది. లీజుకి లేదు. "పది వేలు వెనక్కొస్తాయంట" అని మనవాళ్లు అప్పుడే మొదలుపెట్టారు. రావు. ఇది క్రెడిట్ కాదు, డిడక్షన్: టాక్స్‌లోంచి కాదు, టాక్స్ పడే ఆదాయంలోంచి తగ్గుతుంది. పై ఉదాహరణలో మొదటి ఏడాది వడ్డీ 1,930 చిల్లర. మీరు 22 శాతం టాక్స్ శ్రేణిలో ఉంటే మిగిలేది 425. పైగా కారు చివరి అసెంబ్లీ అమెరికాలోనే జరిగి ఉండాలి. జపాన్ నుంచి ఓడెక్కి వచ్చే ప్రయస్‌కి వర్తించదు. ఆదాయం ఒక్కరికి లక్ష, జంటకి రెండు లక్షలు దాటితే, పైన ప్రతి వెయ్యికీ 200 చొప్పున మినహాయింపు కోసేస్తారు. అంటే 1,930 వడ్డీ ఉన్న బ్రహ్మచారికి లక్షా పది వేల ఆదాయం దగ్గరే అది సున్నా. సాఫ్ట్‌వేర్ జీతాలకి ఇదెంతమందికి దక్కుతుందో మీరే చూసుకోండి.

ఇంతవరకూ ఎవరికైనా వర్తించే లెక్క. మనకి వీసా అని ఇంకో లెక్కుంది, నా దృష్టిలో అదే పెద్దది.

2009లో న్యూజెర్సీలో కాంట్రాక్టు మీద ఉన్నప్పుడు ఒక సెడాన్‌ని 36 నెలల లీజుకి తీసుకున్నాను. పందొమ్మిదో నెలలో ప్రాజెక్టు ఎగిరిపోయింది. కొత్త పని డాలస్‌లో దొరికింది. లీజు కంపెనీకి ఫోన్ చేసి బండి తిరిగిచ్చేస్తానంటే, మిగిలిన 17 నెలల సొమ్ములో దాదాపు అంతా, దాని మీద ముందస్తు రద్దు ఫీజు కలిపి చెప్పారు. ఆ అంకె విని మా ఆవిడ "బండిని ఇక్కడే వదిలేసి విమానమెక్కినా ఇంతే కదా" అంది. చివరికి నడుపుకుంటూ వచ్చాం. పదిహేను వందల మైళ్లు, అవీ లీజు మైళ్లలోంచే పోయాయి.

ఉద్యోగం పోతే హెచ్‌1బి ఉద్యోగ వీసా మీదున్నవాళ్లకి దొరికే వ్యవధి గరిష్ఠంగా 60 రోజులు. ఆ అరవై రోజుల్లో కొత్త కంపెనీ వెతుక్కోవాలి, కుదరకపోతే సామాను సర్దుకోవాలి. అలాంటప్పుడు లోన్ మీదున్న బండిని పాత కార్లు కొనే పెద్ద కంపెనీలకి తోలుకెళ్తే, బ్యాంకు బాకీ వాళ్లే తీర్చి మిగిలింది చెక్కు ఇస్తారు. బాకీ బండి విలువకన్నా ఎక్కువుంటే మాత్రం ఎదురు మనమే కట్టాలి. అందుకే డౌన్ పేమెంట్ లేకుండా 84 నెలల లోన్ అంటే నాకు భయం. లీజు బండిని అలా తేలిగ్గా వదిలించుకోలేం. చాలా లీజు కంపెనీలు బయటి డీలర్లకి అమ్మనివ్వవు. ఇంకొకరి పేరు మీదికి మార్చడం కొన్ని ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. ఒప్పుకున్న వాటిలోనూ కొన్ని, కొత్తవాడు కట్టకపోతే మీ మెడకే చుడతాయి. సంతకానికి ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే, ఎవరూ అడగరు.

కాబట్టి కాగితాలు ఎన్నాళ్లున్నాయో చూసుకుని తర్వాత లీజు కాలం చూడండి. ఆ కుర్రాడి ఐ-94, అంటే ఈ దేశంలో ఎన్నాళ్లుండొచ్చో చెప్పే కాగితం, ఇంకా 22 నెలలే ఉంది. 36 నెలల లీజు ఎందుకన్నాను. గ్రీన్‌కార్డు ఉండి, ఉద్యోగం నిలకడగా ఉంటే నేనే లీజు వైపు మాట్లాడేవాణ్ని. ఎందుకంటే బ్యాటరీ బండ్ల ధరలు ఎప్పుడెలా పడతాయో చెప్పలేం. పడితే ఆ నష్టం లీజు కంపెనీది, తాళాలు వాళ్ల ముందు పెట్టి వచ్చేస్తాం. పెరిగితే రెసిడ్యువల్ ధరకి కొనుక్కుంటాం. ఆ వెసులుబాటుకి విలువుంది.

ఇంకో సంగతి, మేం టెక్సస్ వాళ్లం కాబట్టి. ఇక్కడ లీజు బండికి కూడా 6.25 శాతం సేల్స్ టాక్స్ మొత్తం ధర మీద పడుతుంది. కాలిఫోర్నియాలోలా నెలసరి మీద కాదు. లీజు కంపెనీ ఆ టాక్స్‌ని మన నెత్తినే వేస్తుంది. చివర్లో బండి కొనుక్కుంటే ఆ ధర మీద మళ్లీ టాక్స్. మూడేళ్లు వాడుకోవడానికి ముప్పై అయిదు వేల మీద టాక్స్ కట్టడం నాకైతే మింగుడుపడదు.

లీజులో డౌన్ పేమెంట్ ఎక్కువ పెట్టకండి. నెలసరి తగ్గుతుందని అయిదు వేలు పోస్తే, మూడో నెలలో ఎవడో గుద్ది బండి బాగుచేయలేనంతగా టోటల్ అయితే ఆ అయిదు వేలూ పోయినట్టే. గ్యాప్ ఇన్సూరెన్స్ లీజు కంపెనీ నష్టాన్ని పూడుస్తుంది, మన డౌన్ పేమెంట్‌ని కాదు. మైళ్లు ఏడాదికి 10,000 అంటే చవగ్గా కనిపిస్తుంది. వారం వారం గుడి, హ్యూస్టన్‌లో పెళ్లి, ఆస్టిన్‌లో బర్త్‌డే మన మనుషులకి తప్పవు కదా. దాటిన మైలుకి 15 నుంచి 25 సెంట్లు. ఇన్సూరెన్స్ కూడా లీజు కంపెనీ ఎక్కువ కవరేజీ అడుగుతుంది. ఇక్కడ డ్రైవింగ్ చరిత్ర లేని కొత్తవాళ్లకి ఆ తేడా నెలసరిలోనే తెలుస్తుంది.

ఇన్ని చెప్పాక ఆ కుర్రాణ్ని అడిగాను: "తమ్ముడూ, రాత్రి ప్లగ్ ఎక్కడ పెడతావు?"

అవతల నిశ్శబ్దం. వాడిది మూడో అంతస్తు అపార్ట్‌మెంట్.

ప్రయస్ ప్లగ్-ఇన్ బ్యాటరీ 13.6 కిలోవాట్ అవర్లు. బేస్ మోడల్‌లో కరెంటు మీద 44 మైళ్లు పోతుంది. మామూలు గోడ ప్లగ్గుకి పెడితే నిండడానికి పదకొండు గంటలు పడుతుంది. హైవే పక్కనుండే ఫాస్ట్ చార్జర్లు ఇలాంటి బండ్లకి పనికిరావు. ప్లగ్గు పెట్టకుండా తిప్పితే గ్యాలన్‌కి 52 మైళ్లు ఇస్తుంది. బరువు బ్యాటరీ లేని మామూలు ప్రయస్ 57 ఇస్తుంది. ప్లగ్గు ఉన్నవాళ్లకైనా మిగిలేది ఎంతని? యూనిట్ 15 సెంట్లు, గ్యాలన్ 3 డాలర్లు అనుకుంటే, కరెంటు మీద వంద మైళ్లకి 4 డాలర్లు, మామూలు ప్రయస్‌కి 5 డాలర్ల పాతిక సెంట్లు. ఏడాదికి పదివేల మైళ్లు కరెంటు మీదే తిరిగినా 130 డాలర్లు దాటదు. మామూలు హైబ్రిడ్‌కన్నా ఈ బండికి పెట్టే అదనపు వేలు ఎప్పటికి తిరిగొస్తాయి? రాయితీ ఉన్న రోజుల్లో ఆ అదనపు వేలు సర్కారు కట్టింది. ఇప్పుడు మనం కట్టాలి. పొడవాటి ఆఫీసు ప్రయాణం కాక రోజూ 30, 40 మైళ్ల లోపే తిరుగుతూ, ఇంట్లో గరాజ్ ఉండి, కరెంటు చవగ్గా దొరికేవాళ్లకి ఇప్పటికీ ఇది ముచ్చటైన బండే. వాళ్లతో నాకు పేచీ లేదు.

మొన్న మెసేజ్ పెట్టాడు. అపార్ట్‌మెంట్ ఆఫీసులో అడిగితే కార్‌పోర్ట్ కింద ఉన్న ప్లగ్గు వాక్యూమ్ క్లీనర్‌కి మాత్రమేనని చెప్పారట. "అయితే మామూలు హైబ్రిడ్, రెండేళ్లు వాడినది, క్రెడిట్ యూనియన్‌లో లోన్. డౌన్ పేమెంట్ ఎంత పెట్టమంటావన్నా?" అని అడిగాడు. ఆ జవాబు కోసం వాడి క్రెడిట్ స్కోరు పంపమన్నాను. ఇంకా పంపలేదు.