మంట పుట్టించే నరమే కడుపుకు కాపలా

ప్రశ్న: వయసు 52. ఎనుమాముల మిర్చి యార్డులో హమాలీ పని. మోకాళ్ల నొప్పులకు ఆరు నెలల నుంచి డైక్లోఫెనాక్ గోలీలు రోజుకు రెండు వేసుకుంటున్న. ఇప్పుడు కడుపుల మంట. కారం, తొక్కులు బంద్ చెయ్యమని ఇంట్ల పోరు. మిర్చితోనే పుండు అయితదా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ముందు అనుమానించాల్సింది గోలీలను, మిర్చిని కాదు.

ఘాటైన తేజ రకం మిర్చి బస్తాలు ఎత్తిన రోజు మీ మెడ, ముంజేతులు మండుతాయి, ఎర్రబడతాయి కూడా. ఆ రెండూ ఒకే నరం పనులు. మిర్చిలోని క్యాప్సైసిన్ నరం కొసకు తగలగానే మెదడుకు మంట కబురు వెళ్తుంది. అదే కొస సీజీఆర్‌పీ అనే రసాయనాన్ని అక్కడికక్కడే వదులుతుంది. దాంతో సన్నని రక్తనాళాలు విప్పారి చర్మం ఎరుపెక్కుతుంది.

ఇలాంటి నరాలే కడుపు లోపలి పొరలోనూ అల్లుకుని ఉంటాయి. పరగడుపున అక్కడి ఆమ్లం పీహెచ్ 1–2 దాకా, అంటే చాలా ఘాటుగా ఉంటుంది. పైనున్న జిగురు పొర దెబ్బతిని ఆమ్లం లోపలికి ఇంకితే ఈ నరాలు పసిగట్టి సీజీఆర్‌పీ వదులుతాయి. రక్తం ఉరకలేస్తుంది. వస్తూ తెచ్చిన బైకార్బనేట్ ఆమ్లాన్ని విరిచేస్తుంది, మిగిలినది రక్తంలో కొట్టుకుపోతుంది. ఎలుకల్లో ఈ నరాలను మొద్దుబారిస్తే ఆల్కహాల్, ఆస్పిరిన్ చేసే గాయాలు బాగా ముదిరాయి. కడుపులోకి ముందుగా కొద్దిపాటి క్యాప్సైసిన్ ఇస్తే గాయాలు తగ్గాయి. విచిత్రమేమంటే, నరాలను మొద్దుబార్చిందీ క్యాప్సైసినే, పెద్ద మోతాదులో. కాబట్టి గోలీకి ముందు కారం ముద్ద మింగమని మాత్రం అనుకోకండి.

కడుపు పొరను కాపాడే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల తయారీని డైక్లోఫెనాక్ ఆపుతుంది. అవి తగ్గితే జిగురు, బైకార్బనేట్, రక్తప్రసరణ మూడూ తగ్గుతాయి. పైగా నొప్పిని అణచే మందు కాబట్టి పుండు చప్పుడు లేకుండా ముదురుతుంది. దీనికి కల్లో, మందో తోడైతే మరీ చేటు.

గోలీలు ఆపి డాక్టరును కలవండి. మోకాళ్లకు డైక్లోఫెనాక్ జెల్ రాసుకోవచ్చు, రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. తప్పదనుకుంటే పారాసిటమాల్ 650 మిల్లీగ్రాముల గోలీ, రోజుకు నాలుగుకు మించకుండా. కాలేయ జబ్బున్నా, రోజూ తాగే అలవాటున్నా అడగకుండా అదీ వద్దు. ఆమ్లాన్ని తగ్గించే పాంటోప్రజోల్ రాస్తే పొద్దున తినడానికి అరగంట ముందు వేసుకోవాలి. తిన్నాక వేసుకుంటే అంత బాగా పనిచేయకపోవచ్చు, ఎందుకంటే ఆమ్లం ఊరే వేళకు మందు రక్తంలో ఉండాలి.

హెలికోబ్యాక్టర్ పైలోరీ పరీక్ష కూడా అడగండి. పుండ్లకు మరో పెద్ద కారణం ఆ సూక్ష్మజీవే. శ్వాస పరీక్షకో, మల పరీక్షకో వెళ్లాలంటే పాంటోప్రజోల్ మానేసి రెండు వారాలు, యాంటీబయాటిక్స్ మానేసి నాలుగు వారాలు గడవాలి. లేకపోతే ఉన్న జబ్బు లేనట్టు రావచ్చు. ఏ మందు ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి.

కారం పుండు పెట్టదు గానీ ఉన్న పుండును మండిస్తుంది. మంట తగ్గేదాకా తగ్గించండి. మరీ నోరు చప్పబడితే చపాటా మిర్చి వాడుకోండి, రంగు ఎక్కువ, ఘాటు తక్కువ.

విరేచనం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో నెత్తురు లేదా కాఫీ పొడి లాంటిది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే ఎంజీఎం ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి.