8 శాతం తక్కువకు వచ్చే గుడ్డ నిజంగా చవకేనా?

ప్రశ్న: నేను చిన్న యూనిట్ పెట్టి బ్యాగులు కుట్టించి దుకాణాలకు వేస్తుంటాను. నాలుగేళ్లుగా గుడ్డ ఒకే వ్యాపారి దగ్గర కొంటున్నాను. చెప్పిన 7 రోజుల్లో సరుకు మా గుమ్మంలో దింపుతాడు, డబ్బు 30 రోజులకు ఇస్తాను. ఈమధ్య ఒక కొత్త సప్లయర్ అదే రకం గుడ్డ 8 శాతం తక్కువకు ఇస్తానంటున్నాడు. కాకపోతే మూడు నెలలకు సరిపడా ఒకేసారి తీసుకోవాలి. సగం అడ్వాన్స్, మిగతా సగం సరుకు దింపినప్పుడు. ఆర్డరిచ్చాక 35 రోజులు పడుతుంది. మా పాప చదువు కోసం వేసిన డిపాజిట్ తీసి కట్టేద్దామా అనుకుంటున్నాను. మా దగ్గర గుడ్డ సగటున ఒక వారం నిలవ ఉంటుంది, కుట్టి పంపడానికి 8 రోజులు, దుకాణాల వాళ్లు 45 రోజులకు గానీ డబ్బివ్వరు. లెక్కల్లో లాభం కనిపిస్తోంది కానీ చేతిలో డబ్బు ఆడటం లేదు. అన్నట్టు, తిరిగొచ్చే బ్యాగుల్లో ఎక్కువ భాగం జిప్ పోయినవే. ఆ జిప్‌లు కూడా ఒక్కరి దగ్గరే కొంటాను. కొత్త సప్లయర్‌కి మారమంటారా?

జవాబు: ముందు డిపాజిట్ సంగతి. దాని జోలికి వెళ్లకండి. ఆ మాట చెప్పేశాను కనుక మిగతాది నింపాదిగా మాట్లాడుకుందాం.

మీరు రెండు ధరలు పక్కపక్కన పెట్టి చూశారు. కానీ మీ పాత వ్యాపారి మీకు గుడ్డ ఒక్కటే ఇవ్వడం లేదు, అప్పు కూడా ఇస్తున్నాడు. హామీ అడగకుండా, సంతకాలు పెట్టించుకోకుండా, నెలనెలా 30 రోజుల అప్పు. కొత్తాయన దగ్గర వ్యవహారం తిరగబడుతుంది. అక్కడ మీరే ఆయన ఫ్యాక్టరీకి పెట్టుబడి పెడతారు. అంటే మీకు అప్పిచ్చే మనిషిని వదిలి, మీరు అప్పివ్వాల్సిన మనిషి దగ్గరికి వెళ్తున్నారు. దానికి బదులుగా ఆయన ఇచ్చేది ఆ 8 శాతం. అది సరిపోతుందా అన్నదే అసలు ప్రశ్న.

కాగితం తీసుకోండి. మీ నెల గుడ్డ బిల్లు పాత ధరలో 100 అనుకుందాం. కొత్త ధరలో 92. మూడు నెలల లాట్ 276. అందులో 138 మొదటి రోజే కడతారు, ఇంకో 138 35వ రోజున. సగటున చూస్తే మీ డబ్బు 17, 18వ రోజున చెయ్యి దాటుతుంది. గుడ్డ 35వ రోజున వస్తుంది, అక్కడి నుంచి 90 రోజులు వాడతారు. ఆ వాడకానికి నడిమధ్య 80వ రోజు. అంటే గుడ్డ కత్తెర కిందికి రావడానికి సగటున 62 రోజుల ముందే డబ్బు కట్టేసి ఉంటారు. ఇప్పుడో? గుడ్డ వచ్చిన వారానికి వాడుతున్నారు, 30 రోజులకు కడుతున్నారు. వాడేశాక 23 రోజులకు. రెండింటి మధ్య తేడా 85 రోజులు.

85 రోజుల గుడ్డ ఖర్చు, కొత్త ధరలోనే వేసినా, సుమారు 260. అంత డబ్బు మీ వ్యాపారంలోకి కొత్తగా వచ్చి కూర్చోవాలి, మీరు మళ్లీ మారేదాకా బయటికి రాదు. ఏడాదికి 15 శాతం వడ్డీ అనుకుంటే దాని ఖర్చు 39. ధర తగ్గడం వల్ల మిగిలేది నెలకు 8 చొప్పున 96. ఇంకా 57 లాభం. ఇక్కడిదాకా కొత్తాయనదే పైచేయి, కాదనను. ‘అడ్వాన్స్ అంటే నష్టమే’ అని కొట్టిపారేసేవాళ్లు ఈ లెక్క వేయరు.

కానీ లెక్క ఇక్కడితో ఆగదు. 7 రోజుల్లో వచ్చే సరుకుకు వారం నిలవ చాలు. 35 రోజుల్లో వచ్చే సరుకు పది రోజులు ఆలస్యమైతే మీ మిషన్లు ఆగుతాయి. కాబట్టి కనీసం నెల గుడ్డ అదనంగా పెట్టుకోవాలి. దాని మీద వడ్డీ 14. మిగిలింది 43. కొత్తాయన చెప్పిన ధర ఫ్యాక్టరీ గేటు దగ్గరిదా, మీ గుమ్మం దగ్గరిదా? ఉత్తరంలో రాయలేదు, అడిగి ఉండరనుకుంటాను. గేటు దగ్గరిదై, రవాణా 3 శాతం పడితే ఏడాదికి 33 పోతుంది. మిగిలింది 10. మూడు నెలల గుడ్డ ఒకేసారి తెచ్చుకుంటే ఏదో ఒక రంగు అడగడం మానేస్తారు, ఏదో ఒక థాన్‌లో మరకలుంటాయి. నూటికి ఒక వంతు పనికిరాకపోయినా 11 పోయినట్టే. ఆ పదీ ఆవిరైంది. వడ్డీ, రవాణా, వేస్టేజీ నేను ఊహించి వేసినవి. మీ అంకెలు వేసుకుని చూడండి. రవాణా ఆయనే భరిస్తే ముప్పై పైచిలుకు మిగులుతుంది, అప్పుడు మాట వేరు.

ఇంకో చిక్కు క్యాలెండర్‌లో ఉంది. కొత్త గుడ్డతో మొదటి బ్యాగు 35వ రోజున మొదలుపెడితే 43వ రోజున దుకాణానికి వెళ్తుంది, 88వ రోజున డబ్బు వస్తుంది. రెండో లాట్ ఆర్డర్ 90వ రోజుకల్లా పెట్టాలి, లేకపోతే మధ్యలో గుడ్డ అయిపోతుంది. అంటే మొదటి లాట్ మీద డబ్బు రావడం మొదలైన రెండు రోజులకే రెండో అడ్వాన్స్ కట్టాలి. పాత గుడ్డతో కుట్టిన బ్యాగుల డబ్బు ఈలోగా వస్తుంది, నిజమే. అందులోంచి పాత వ్యాపారి బాకీ తీర్చాలి, జీతాలివ్వాలి. పాప డిపాజిట్ ఒకసారి తీస్తే సరిపోతుందనుకున్నారు. రెండోసారి తీయడానికి ఇంకోటి ఉందా?

‘లాభం ఉంది, డబ్బు లేదు’ అన్న మాటకు జవాబూ ఇక్కడే ఉంది. గుడ్డ నిలవ 7 రోజులు, కుట్టడం 8, దుకాణాల బాకీ 45, మొత్తం 60. అందులోంచి మీకు దొరికే 30 రోజుల గడువు తీసేస్తే 30. ఇప్పుడు గుడ్డ మీద మీరు పెట్టే ప్రతి రూపాయీ తిరిగి రావడానికి 30 రోజులు పడుతోంది. కొత్తాయన దగ్గరికి వెళ్తే అది 115 అవుతుంది. డబ్బు ఆడటం లేదంటున్న మనిషి చేయాల్సిన పని కాదు.

దీనికి బదులు ఇంకో బేరం ఆడండి, పాత వ్యాపారితోనే. ‘30 రోజులకు బదులు 10 రోజుల్లో కడితే 2 శాతం తగ్గిస్తారా?’ అని అడగండి. రెండు శాతమేనా అని తీసిపారేయకండి. 20 రోజులు ముందు కట్టడానికి మీకు అదనంగా కావాల్సింది 65, ఏడాదికి మిగిలేది 24. పెట్టిన డబ్బు మీద 37 శాతం. అటు చూస్తే, అదనపు నిలవతో కలిపి 350 కట్టేసి ఏమీ మిగలని బేరం. ఆ 65 కూడా డిపాజిట్ నుంచి వద్దు. అల్మరాల్లో కదలకుండా పడి ఉన్న పాత రంగుల గుడ్డ, కుట్టి అమ్ముడవని బ్యాగులు తీసి వచ్చిన ధరకు వదిలించుకోండి. మొత్తం రాకపోతే సగం బిల్లులకే ముందు కట్టండి. దుకాణాల వాళ్లు ఇదే బేరం మీతో ఆడితే మాత్రం ఒప్పుకోకండి. అప్పుడు ఆ 37 శాతం మీ జేబులోంచి పోతుంది.

ఇక ఉత్తరం చివర ‘అన్నట్టు’ అంటూ మాటవరసకు రాశారే, నా దృష్టిలో అదే ఉత్తరంలో ముఖ్యమైన వాక్యం.

మీరు గుడ్డ గురించి ఇంత ఆలోచించడానికి కారణం అది పెద్ద బిల్లు కావడం. పెద్ద బిల్లు మీద బేరం ఆడాలనిపించడం సహజం. కానీ బ్యాగు కొన్నవాళ్లు దేనికి డబ్బిస్తున్నారు? 1985లో హార్వర్డ్ ప్రొఫెసర్ మైకేల్ పోర్టర్ ‘వాల్యూ చైన్’ అనే ఆలోచన ముందుకు తెచ్చినప్పుడు చెప్పింది ఇదే: ముడిసరుకు లోపలికి రావడం దగ్గర్నుంచి అమ్మిన తర్వాతి సేవ దాకా ప్రతి పనినీ విడదీసి, దేనికి ఎంత ఖర్చవుతోంది, దేనివల్ల కొనేవాళ్ల దృష్టిలో విలువ పెరుగుతోంది అని చూడమన్నాడు. మీ బ్యాగుకు ఆ పరీక్ష పెట్టండి. గుడ్డ నాణ్యతలో చిన్న తేడా ఎవరూ గమనించరు. జిప్ మాత్రం రోజుకు పది సార్లు చేతికి తగులుతుంది. అది పోతే బ్యాగే పోయింది. తిరిగొచ్చిన బ్యాగు మీకు జిప్ ఖర్చుతో పోదు. గుడ్డ, కూలి, రానుపోను రవాణా అన్నీ పోతాయి. పైగా ఆ దుకాణం యజమాని తర్వాతి ఆర్డర్ తగ్గిస్తాడు, కారణం చెప్పడు.

పీటర్ క్రాల్‌జిక్ అనే ఆయన 1983లో కొనుగోళ్లను చూడటానికి ఒక పద్ధతి చెప్పాడు. ప్రతి వస్తువుకూ రెండు ప్రశ్నలు: దీని మీద లాభం ఎంత ఆధారపడి ఉంది, ఇది దొరక్కపోతే ఎంత కష్టం? గుడ్డ మీకు పెద్ద ఖర్చు, కానీ అమ్మేవాళ్లు చాలామంది. అక్కడ బేరం ఆడొచ్చు. దారం, కవర్లు ఎక్కడైనా దొరుకుతాయి, వాటి మీద సమయం పెట్టకండి. జిప్ చిన్న ఖర్చు, అమ్మేది ఒక్కరు. సీసా మెడ లాంటిది, అక్కడ అడ్డుపడితే మొత్తం ఆగిపోతుంది. అక్కడ తక్కువ ధర వెతకకూడదు, ఆసరా వెతకాలి.

చిన్న వస్తువే కదా అనుకుంటే ఏమవుతుందో టయోటాకు 1997 ఫిబ్రవరి 1న తెలిసింది. బ్రేకుల్లో వాడే ఒక చిన్న వాల్వు దాదాపు మొత్తం ఐసిన్ సేకి అనే ఒక్క కంపెనీ నుంచే వచ్చేది. ఆ ఫ్యాక్టరీ తగలబడింది. చేతిలో పెద్దగా నిలవ లేదు. జపాన్‌లో టయోటా కార్ల తయారీ రోజుల తరబడి ఆగిపోయింది. నాకు అంతకంటే ఆసక్తిగా అనిపించేది ఆ తర్వాతి సంగతి. మిగతా సప్లయర్లు, అంతకుముందు ఆ వాల్వు ఎప్పుడూ చేయనివాళ్లు కూడా, ధర గురించి బేరమాడకుండా తమ మిషన్ల మీద దాన్ని తయారుచేసి పంపారు. కొన్ని రోజుల్లోనే ఫ్యాక్టరీలు మళ్లీ నడిచాయి. ప్రతి ఏటా సప్లయర్లను మార్చే కంపెనీ కోసం ఎవరూ అలా పరిగెత్తరు.

కాబట్టి జిప్‌లకు రెండో మనిషిని చూసుకోండి. చూసుకునేటప్పుడు ఒక మెలిక గుర్తుంచుకోండి. ఇద్దరు వ్యాపారులు ఒకే ఫ్యాక్టరీ సరుకు అమ్ముతుంటే మీకున్నది ఇద్దరు కాదు, ఒక్కరే. 2011 జపాన్ భూకంపం తర్వాత కార్ల కంపెనీలకు ఇలాంటి దెబ్బే తగిలింది. పెయింట్‌కు ఒక రకం మెరుపునిచ్చే పొడి ప్రపంచం మొత్తానికీ ఒనహామాలోని ఒక్క ప్లాంటులోనే తయారయ్యేదని అది మూతపడ్డాక గాని చాలామందికి తలకెక్కలేదు. ఫోర్డ్ కొన్ని నలుపు, ఎరుపు రంగుల కార్లకు ఆర్డర్లు తీసుకోవడం ఆపాల్సి వచ్చింది. పెయింట్ అమ్మేవాళ్లు ఎందరున్నా లాభం లేకపోయింది. మీరూ ‘ఇది ఎక్కడ తయారవుతుంది?’ అని అడగండి. జవాబు దాటవేస్తే అదీ ఒక సమాచారమే.

మనిషిని ఎంచుకోవడం గురించి పెద్ద శాస్త్రమేమీ చెప్పను. కొటేషన్లు తెరవకముందే ధరకు ఎంత, చెప్పిన రోజుకు సరుకు రావడానికి ఎంత, నాణ్యతకు ఎంత, గడువుకు ఎంత మార్కులో రాసి పెట్టుకోండి. ధర చూశాక రాస్తే మార్కులన్నీ దాని వైపే జారతాయి. శాంపిల్ చూసి మురిసిపోవద్దు, శాంపిల్ ఎవరైనా బాగానే ఇస్తారు. చిన్న ఆర్డర్ రెండుసార్లు పెట్టి రెండోది చూడండి. జిప్ అయితే వందలసార్లు లాగించి, రన్నర్ పట్టు తప్పుతుందేమో పరీక్షించండి. పాడైన సరుకు ఎన్నాళ్లలో మార్చిస్తాడో, రవాణా ఎవరిదో కాగితం మీద రాయించుకోండి. ఆయన దగ్గర కొనడం మానేసినవాళ్లు ఒకరిద్దరు దొరికితే మాట్లాడండి. ఇప్పుడు కొంటున్నవాళ్ల పొగడ్తల కంటే అది ఎక్కువ ఉపయోగం. ఇంకా, ఆయన అమ్మకాల్లో మీ వాటా ఎంత అన్నది కూడా చూడండి. మరీ చిన్నదైతే సరుకు తక్కువ పడినప్పుడు మొదట కోత పడేది మీకే.

మీ వైపు నుంచి కూడా ఒక పని ఉంది. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ ఒకప్పుడు తమ డైపర్ల ఆర్డర్లు చూసి తెల్లబోయింది. పసిపిల్లల వాడకం దాదాపు స్థిరంగా ఉంటే, దుకాణాల నుంచి హోల్‌సేలర్లకు, అక్కడి నుంచి కంపెనీకి, అక్కడి నుంచి ముడిసరుకు వాళ్లకు వెళ్లేకొద్దీ ఆర్డర్లు అంతకంతకూ ఎగిరిపడుతున్నాయి. ఒక్కొక్కరూ కాస్త జాగ్రత్తకని ఎక్కువ చెప్పడం, తర్వాత ఆపేయడం. మీరు మూడు నెలలకోసారి పెద్ద ఆర్డర్ పెడితే మీ సప్లయర్‌కు అదే తలనొప్పి. వచ్చే రెండు నెలల అంచనా ముందే చెప్పి, వారం వారం కొద్దికొద్దిగా తీసుకుంటే పాత వ్యాపారి ఆ 2 శాతానికి ఒప్పుకునే అవకాశం పెరుగుతుంది.

కొత్తాయనను పూర్తిగా వదలమనడం లేదు. ఆయనకు ఒక కబురు పంపండి: నెలకు సరిపడా లాట్, అడ్వాన్స్ మూడో వంతుకు మించకుండా, సరుకు మా గుమ్మంలో, ధర 8 కాదు 5 శాతం తగ్గించినా చాలు. ఒప్పుకుంటే మీ గుడ్డలో మూడో వంతు ఆయన దగ్గర తీసుకోండి, మిగతాది పాతాయన దగ్గరే. ఒప్పుకోకపోతే ఆ కొటేషన్ పారేయకండి. పాత వ్యాపారితో 2 శాతం మాట్లాడటానికి వెళ్లేటప్పుడు జేబులో పెట్టుకుని వెళ్లండి.